దెయ్యాలు పడుకున్న వార్డు

రిటైరయ్యాక నాకు మధ్యాహ్నం నిద్ర అలవాటైంది. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ కాస్త కన్ను మూతపడితే చాలు, ఎవరో ఒకరు "సిస్టరమ్మా" అంటూ తలుపు తట్టేవాళ్ళు. ఇప్పుడు తట్టేవాళ్ళు లేరు గనక హాయిగా పడుకుంటున్నాను. ఆ నిద్రలో తరచూ ఒక కల వస్తుంది. కల అంటున్నాను గానీ అది నిజంగా జరిగినదే. మా ఆసుపత్రి పిల్లల వార్డు. మంచానికి ఇద్దరు ముగ్గురు చొప్పున బుల్లి బుల్లి దెయ్యాలు పడుకుని ఉంటాయి. ఒక దెయ్యానికి మొహం నిండా సున్నం లాంటి తెల్లరంగు, కళ్ళ చుట్టూ నల్లటి గుంటలు. ఇంకో దెయ్యానికి నోటి చివర్ల నుంచి ఎర్రరంగు కారి గడ్డం మీద ఎండిపోయి ఉంటుంది. సెలైన్ స్టాండుకు ఒక మంత్రగత్తె టోపీ తగిలించి ఉంటుంది. కిటికీలోంచి పత్తినూగు తేలుతూ వచ్చి ఆ మంచాల మీద మెల్లగా వాలుతుంది. నేను వాటి మధ్య నడుస్తుంటాను, నా చెప్పుల చప్పుడు నాకే వినిపించదు. భయమేమీ వెయ్యదు. ఒక పిల్ల కోసం వెతుకుతుంటాను, అంతే. ఆ పిల్ల దొరికేలోపు మెలకువ వస్తుంది.

కొత్తగా నర్సింగ్ పాసై డ్యూటీలో చేరే అమ్మాయిలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. మేడమ్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి అంటారు. కవల పిల్లల కాన్పో, పాముకాటో చెబుతానని ఎదురుచూస్తారు. నేను ఈ దెయ్యాల సంగతి మొదలుపెట్టగానే ముసిముసిగా నవ్వుకుంటారు. నవ్వనివ్వండి. ఇది వాళ్ళ కోసమే రాస్తున్నాను.

పర్చూరుకూ అద్దంకికీ మధ్య ఒక చిన్న టౌనులో నా ఆఖరి పోస్టింగు. పేరు చెప్పను, చెబితే ఆ ఊరివాళ్ళు నా ఇంటి మీదికి పోట్లాటకు వస్తారు. ఊరి చుట్టూ నల్లరేగడి, దానినిండా పత్తీ మిరపా. మా ఆసుపత్రికి ఏడాదిలో ఉన్నవి రెండే కాలాలు. చేలకు పురుగుమందు కొట్టే కాలం ఒకటి, మిగిలినదంతా ఇంకొకటి. మందు కొట్టే కాలంలో గాలికి ఎదురుగా పిచికారీ చేసి పడిపోయినవాళ్ళు వచ్చేవాళ్ళు. పంట పోయిందని అదే మందు తాగినవాళ్ళూ వచ్చేవాళ్ళు. ఆ వాసన నా యూనిఫారంలోంచి ఎన్ని ఉతుకులకూ పోయేది కాదు. అందుకే మా వైపు ఏ ఇంట్లోనైనా 'మందు' అన్న మాట వినబడితే ఆడవాళ్ళు ముందు ఉప్పుడబ్బా కోసం పరిగెత్తుతారు. గ్లాసెడు నీళ్ళలో గుప్పెడు ఉప్పు కలిపి, ముక్కు మూసి, గొంతులో పోసి కక్కిస్తారు. అలా చెయ్యొద్దని మేము గోడల మీద రాయించాం, మైకుల్లో చెప్పాం. వినేవాళ్ళు విన్నారు, ఉప్పు కలిపేవాళ్ళు కలుపుతూనే ఉన్నారు.

ఆ టౌనులో ఒక ఇంగ్లీషు మీడియం బడి ఉండేది. కూలికి వెళ్ళే ఇళ్ళవాళ్ళు కూడా నోరు కట్టుకుని పిల్లల్ని అందులో వేసేవాళ్ళు. ఆ ఏడు ఆ బడికి పట్నం నుంచి ఒక కొత్త టీచరమ్మ వచ్చింది. అక్టోబరు ఆఖరులో విదేశాల్లో పిల్లలు దెయ్యాల వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు అడిగే పండగ ఉందట, హాలోవీన్ అంటారట, అది మన పిల్లలూ చెయ్యాలని ఆవిడ సరదా. గుంటూరు బ్రాడీపేట నుంచి మొహాలకు పూసే రంగులూ, కాగితం టోపీలూ తెప్పించింది. మా పాస్టరుగారికి ఈ వార్త తెలిసి ఆదివారం ప్రసంగంలో దెయ్యాలతో ఆటలేమిటని గట్టిగానే అడిగారు. గుడి వీధిలో పంతులుగారు కూడా అదే మాట అన్నారట. ఆ ఇద్దరూ ఒక సంగతి మీద ఏకాభిప్రాయానికి రావడం నా ఎరుకలో అదే మొదలు. అయినా పండగ ఆగలేదు. ఆ మధ్యాహ్నం పిల్లలు వరుసగా మా ఆసుపత్రి గేటు ముందు నుంచి వెళ్ళారు. నల్లగౌన్ల మీద తెల్ల టేపుతో ఎముకలు అతికించుకున్న వాళ్ళు కొందరు, తలగడ గలీబుకు కళ్ళ దగ్గర కన్నాలు చేసి తొడుక్కున్న వాళ్ళు కొందరు. ఒక చిన్న దెయ్యం నన్ను చూసి నమస్తే మేడమ్ అంది. నేనూ నమస్తే పెట్టాను.

టీచరమ్మ వాళ్ళను రెండు వీధులు తిప్పింది. ఇళ్ళవాళ్ళు నవ్వుతూ చాక్లెట్లు ఇచ్చారు. మూల మీద పురుగుమందులూ ఎరువులూ అమ్మే కొట్టు ఉంది. ఆ కొట్టాయన భారీ మనిషి, మనసూ అంతే. రైతులతో వచ్చే పిల్లల కోసం కౌంటరు మీద గాజుసీసాలో ఎప్పుడూ చాక్లెట్లు పోసి ఉంచేవాడు. దెయ్యాలు గుంపుగా వచ్చి నిలబడేసరికి ఆయనకు సంబరం పట్టలేక సీసా మొత్తం వంచేశాడు. మా ఊళ్ళో ఎవరికీ ఇందులో తప్పు కనిపించలేదు. మందుల కొట్టు మాకు కిరాణా కొట్టు లాంటిదే మరి.

పిల్లలు ఇళ్ళకు చేరాక, ఎండ పచ్చబడి పత్తి చేల మీద మసక దిగుతున్న వేళ, ఫోన్లలో ఒక మాట వచ్చింది. ఎవరో ఆడమనిషి ఏడుపు గొంతు. హాలోవీన్ రోజు ఎవరో చాక్లెట్లలో విషం కలిపి పంచారట, ఎంతోమంది పిల్లలు పోయారట, మీ పిల్లల్ని కాపాడుకోండి అని. ఏ ఊరో లేదు, ఏ రోజో లేదు, ఆ ఏడ్చే మనిషి ఎవరో లేదు. బడి తల్లిదండ్రుల గ్రూపులోకి అది రాగానే ఒక తల్లి దాని కింద ఒక ముక్క రాసింది, మన పిల్లలకు పురుగుమందుల కొట్టులో చాక్లెట్లు ఇచ్చారని. ఆవిడ రాసింది నిజమే. ఆ నిజం పక్కన ఆ అబద్ధం పెట్టి చూసుకునేసరికి ఊరికి ఊరు లేచింది.

మొదట ఒక తండ్రి కొడుకును భుజాన వేసుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. పిల్లాడు భళ్ళున వాంతి చేసుకున్నాడు. వాడి వెనక ఇద్దరు, వాళ్ళ వెనక ఆటోల్లో, బైకుల మీద, నడుముకు పత్తి ఒడి ఇంకా విప్పని తల్లుల చంకల్లో, ఊళ్ళో దెయ్యాలన్నీ మా వార్డులోకి వచ్చి పడ్డాయి. సగం మంది కక్కుతున్నారు. కొందరు మొహం మంట, కళ్ళు మంట అని గుక్కపెట్టి ఏడుస్తున్నారు. కన్నీళ్ళకు రంగులు కరిగి చారలు కట్టాయి. ఏ దెయ్యం ఎవరి బిడ్డో తల్లులే పోల్చుకోలేకపోతున్నారు. అప్పటి నా చేతుల గురించి చెప్పాలి. నేనేమీ ఆలోచించలేదు. ఎన్నో ఏళ్ళుగా పురుగుమందు కేసులు చూసిన చేతులు వాటంతట అవే కడుపు కడిగే గొట్టాలు తీశాయి, పురుగుమందుకు విరుగుడైన అట్రోపిన్ ట్రే సర్దాయి.

డ్యూటీలో ఉన్నది కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు. గుంటూరు అబ్బాయి, గొంతు పెంచి మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. ఇలాంటి మెతక మనిషి మా ఊరి జనంతో ఎలా నెగ్గుకొస్తాడా అని నాకు దిగులుగా ఉండేది. ఆయన టార్చిలైటు పట్టుకుని ఒక్కో దెయ్యం రెప్పలు పైకెత్తి చూసుకుంటూ వచ్చి, నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"సిస్టర్‌గారూ, ఒక్కరికైనా కనుపాపలు చిన్నవయ్యాయేమో చూడండి."

పురుగుమందు ఒంట్లోకి వెళితే కనుపాపలు ఆవగింజంత అయిపోతాయి. నోట్లో చొంగ ఆగదు. ఇది నాకు తెలియంది కాదు, కొత్తవాళ్ళకు నేర్పింది నేనే. టార్చి తీసుకుని చూశాను. అందరి కనుపాపలూ భయంతో ఇంతింత పెద్దవై ఉన్నాయి. చొంగ కూడా లేదు. వాంతి వాసన చూశాను, పులిహోర, ఉప్పునీళ్ళు. ఎన్ని గ్లాసులు పట్టించావమ్మా అని ఒక తల్లిని అడిగితే, కక్కేదాకా పట్టించాను సిస్టరమ్మా అంది. ట్రే మూసేశాను. పిల్లవాడంత డాక్టరు నన్ను ఆపినందుకు కాస్త ఒళ్ళు మండిందని దాచుకోకుండా చెబుతున్నాను. అవసరం లేని పిల్లలకు ఆ మందు ఎక్కించి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు చల్లబడుతుంది.

మంటల సంగతి ఇంకా తేలలేదు. ఒక ముసలామె మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని, నా బిడ్డ మొహం కాలిపోతందయ్యో అని ఆసుపత్రి కప్పు ఎగిరిపోయేలా అరుస్తోంది. డాక్టరు ఆ పిల్లాడి బుగ్గ మీద వేలితో రాసి చూశాడు. తర్వాత చెమట పట్టిందని అదే వేలితో కన్ను తుడుచుకున్నాడు. అంతే, కన్ను ఎర్రబడి నీళ్ళు ధారకట్టాయి. ఒంటికన్నుతోనే ముసలామెను అడిగాడు, అవ్వా, నువ్వు ఏం పనికి వెళతావు అని. ఊరి బయట మిర్చి గిడ్డంగిలో కాయలకు తొడిమలు తీసే పనికట. పొద్దుటి నుంచీ ఎండుమిరపకాయలు వలిచిన చేతులతో, చాక్లెట్ల కబురు విని పరిగెత్తుకొచ్చి, మనవడి మొహం మీద రంగు గట్టిగా రుద్ది తుడిచింది. ఆమె ఉండే వాడలో ఆడవాళ్ళు సగం మంది ఆ గిడ్డంగికే వెళతారు. వాళ్ళందరూ పిల్లల్ని ప్రేమగానే తుడిచారు.

అప్పుడు ఎదురుగా టీకొట్టు నుంచి పాలు తెప్పించాను. మంట నీళ్ళకు తగ్గదు, పాలకు తగ్గుతుంది. దూదితో ఒక్కో మొహం తుడుస్తూ పోయాం. తెల్లటి పాలలో నలుపూ ఎరుపూ కలిసి గిన్నెలోకి జారేవి, కింద నుంచి ఒక బుగ్గ, ఒక పుట్టుమచ్చ, ఊడిన పాలపన్ను బయటపడేవి. మంట తగ్గిన పిల్లలు నోరు తెరిచి నిద్రపోవడం మొదలుపెట్టారు. ట్యూబులైటు వెలుగులో పత్తినూగు తేలుతోంది. నా కలలో వచ్చే వార్డు ఇదే. ఇంత గొడవలో ఆ కాసేపు ఎందుకంత నిశ్శబ్దంగా గుర్తుందో నాకు తెలియదు.

బయట వసారాలో మాత్రం నిశ్శబ్దం లేదు. కొట్టాయన తనంతట తానే వచ్చాడు. జనం ఆయన చొక్కా పట్టుకున్నారు. ఆయన పారిపోలేదు. జేబుల నిండా అవే చాక్లెట్లు తెచ్చుకున్నాడు. అందరూ చూస్తుండగా ఒకటి విప్పి నోట్లో వేసుకున్నాడు, అది నమిలి ఇంకొకటి, అది మింగి మరొకటి. కళ్ళనీళ్ళు కారుతున్నా ఆపలేదు. ఆయనకు చక్కెరవ్యాధి ఉందని ఊళ్ళో అందరికీ తెలుసు. చివరికి డాక్టరే వెళ్ళి, చాలండీ, ఇక తింటే మిమ్మల్ని అడ్మిట్ చెయ్యాలి అని చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. నవ్వొచ్చే సంగతే గానీ ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

పాలగిన్నె పట్టుకుని నేను వార్డు చివర బల్ల దాకా వచ్చాను. అక్కడ ఒక ఆడపిల్ల కూర్చుని ఉంది. రెండో క్లాసో మూడో క్లాసో. నల్లగౌను మీద తెల్ల టేపు ఎముకలు, మొహం నిండా తెల్లరంగు. ఏడవడం లేదు. పక్కనే నిలబడ్డ కుర్రవాడు ఆ పిల్ల మేనమామ. పిల్ల తండ్రి పోతే అక్కనూ పిల్లల్నీ తన దగ్గరే ఉంచుకుని, మేనకోడల్ని ఆ బడిలో వేసింది అతనే. బడి నుంచి తీసుకొచ్చేదీ అతనే. ఊరి వాళ్ళు వీళ్ళిద్దర్నీ చూసి మురిసిపోయేవాళ్ళు.

ఎన్ని తిన్నావమ్మా అని అడిగాను. ఆ పిల్ల గుప్పిట తెరిచింది. చాక్లెట్లన్నీ అలాగే ఉన్నాయి, వేడికి మెత్తబడ్డాయి గానీ ఒక్క కాగితమూ విప్పలేదు. తమ్ముడి కోసం దాచిందట. మరి ఈ పిల్లను ఎందుకు తెచ్చావయ్యా అంటే మేనమామ, అందరూ తెస్తుంటే తెచ్చానండీ అన్నాడు. సరే, తెచ్చినవాడు ఎలాగూ తెచ్చాడు, మొహమైనా కడుగుదామని దూది ముంచి నుదురు తుడిచాను. తెల్లరంగు వచ్చేసింది. దాని కింద కూడా తెలుపే ఉంది.

గిన్నె కింద పెట్టేశాను. పెదాలు చూశాను, అరచేతులు చూశాను. చేతులు చల్లగా ఉన్నాయి. నాడి వడివడిగా, అందీ అందకుండా కొట్టుకుంటోంది. ఎక్కడన్నా నొప్పి ఉందా తల్లీ అంటే ఎడమ భుజం అంది. భుజం మీద గీత కూడా లేదు. డాక్టరును కేకేశాను. ఆయన భుజం నొప్పి అనగానే భుజాన్ని వదిలేసి గౌను పైకెత్తి పొట్ట చూశాడు. ఎడమ పక్కటెముకల కింద రూపాయి బిళ్ళంత గుండ్రటి కమిలిన మచ్చ ఉంది. లోపల ప్లీహం చిట్లి నెత్తురు కారుతుంటే నొప్పి భుజంలో తెలుస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. నేను చూడడం అదే మొదటిసారి.

ఎలా తగిలిందమ్మా అని అడిగితే ఆ పిల్ల మేనమామ వంక చూసింది. మేనమామ గోడ వంక చూశాడు. బడిలో ఆటల్లో పడి ఉంటదండీ అన్నాడు. అతని చొక్కా మోచెయ్యి చిరిగి, చర్మం దోక్కుపోయి, అందులో రోడ్డు మట్టి ఉంది. నాకు అర్థమైంది. నిలదీసే సమయం కాదు గనక సూది గుచ్చి సెలైన్ పెట్టాను.

గుంటూరు పెద్దాసుపత్రికి పంపాలి. ఉన్నది ఒకటే అంబులెన్సు. స్ట్రెచర్ గేటు దాకా వచ్చేసరికి జనం అడ్డం నిలబడ్డారు. మా పిల్లలు విషం మింగి పడి ఉంటే కిక్కురుమనని పిల్లను తీసుకెళతారా, ముందు మావాళ్ళను పంపండి అని. డాక్టరు చెబుతున్నాడు గానీ ఆయన గొంతు ఎవరికి వినబడాలి? నేను అరిచాను, నా గొంతు కూడా చాలలేదు. అందరికన్నా ముందు, దారికి అడ్డంగా, ఆ మిర్చి పని ముసలామే ఉంది. ఏం చెప్పాలో తోచక ఆమె చెయ్యి పట్టి లాగి ఆ పిల్ల అరచేతిని ఆమె చేతిలో పెట్టాను. ఆమె పట్టుకుంది. ఒకసారి పిల్ల మొహంలోకి వంగి చూసింది. తర్వాత వెనక్కి తిరిగింది.

"ఒరేయ్, తప్పుకోండ్రా. ఈ బిడ్డ చల్లబడిపోతంది. మనోళ్ళు ఏడుస్తున్నారుగా, ఏడ్చేవోళ్ళకి ఊపిరుంది. తప్పుకో, నీకే చెప్పేది."

జనం రెండుగా చీలిపోయారు. అప్పుడే పిల్ల తల్లి చేలో నుంచి వచ్చింది, చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, జుట్టు నిండా పత్తి పింజలతో. ఏమిటని అడిగే తీరిక కూడా ఇవ్వకుండా అంబులెన్సులోకి ఎక్కించాను. డాక్టరు వార్డు వదిలి రాలేడు గనక నేను వెళ్ళాను.

ఆ ప్రయాణం నాకు ముక్కలు ముక్కలుగా గుర్తుంది. పత్తి తీతల కాలం. రోడ్డు మీద ముందు ట్రాక్టర్లు పోతున్నాయి, ట్రక్కుల మీద పత్తి బోరేలు రెండు పక్కలా పొంగిపొర్లి, వెనక దీపాలను కూడా కప్పేసి ఉన్నాయి. దగ్గరకు వెళ్ళేదాకా అక్కడ ఏదీ లేనట్టే ఉంటుంది, ఉన్నట్టుండి లైట్ల వెలుగులో తెల్లటి కొండ ఒకటి ఎదురుగా నిలబడుతుంది. డ్రైవరు హారన్ కొడుతూ తప్పించేవాడు. చీకట్లో పింజలు అద్దం మీదకు ఎగిరొచ్చి జారిపోయేవి. తల్లి పిల్ల పాదాలు ఒళ్ళో పెట్టుకుని పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది. నేను నాడి వదలకుండా పట్టుకుని, నిద్రపోకుండా ఏదో ఒకటి అడుగుతున్నాను. తమ్ముడి పేరేంటి, బళ్ళో ఎవరి పక్కన కూర్చుంటావు అని. చిలకలూరిపేట దాటాక ఆ పిల్ల కళ్ళు తెరిచి నన్ను అడిగింది.

"నేను చాక్లెట్ తినలేదు గదా ఆంటీ. నాకేం కాదు గదా?"

ఏం కాదమ్మా అన్నాను. అప్పటికి నాకు ఆ నమ్మకం లేదు. నాడి వేలికి సరిగ్గా అందక ఉన్నట్టూ లేనట్టూ ఉంది. సర్వీసు మొత్తంలో చాలా అబద్ధాలు ఆడాను, అది ఆడడానికి పట్టినంత కష్టం మరి దేనికీ పట్టలేదు.

పిల్ల బతికింది. గుంటూరులో అప్పటికప్పుడు కోసి ప్లీహం తీసేశారు. నెత్తురు ఎక్కించారు. తెల్లారి సర్జన్ బయటికొచ్చి, ఇంకాస్త ఆలస్యమైతే చేతికి వచ్చేది కాదన్నాడు. తల్లి నేల మీద కూర్చుండిపోయి నా కాళ్ళు పట్టుకుంది. నేనూ పక్కనే కూర్చుని ఏడ్చాను. హెడ్‌నర్సు ఏడవకూడదని ఎవరూ రూలు రాయలేదు.

తిరిగి వచ్చేసరికి మా ఊళ్ళో కథ పూర్తిగా తయారై ఉంది. విషపు చాక్లెట్‌కు ఆ పిల్ల పేగులు పగిలాయట. మిగిలిన పిల్లలందరూ మరుసటి రోజు లేచి గంతులేస్తున్నా ఆ మాట మాత్రం గంతులేస్తూనే ఉంది. కొట్టుకు బేరం తగ్గింది. కొట్టాయన గాజుసీసా తీసేశాడు. పిల్లలు కనబడితే తల తిప్పుకునేవాడు. టీచరమ్మ ఉద్యోగం మానేసి వెళ్ళిపోయింది. ఇకపై బడిలో చాక్లెట్లు పంచరాదని గేటుకు బోర్డు పెట్టారు. నేను కనబడ్డవాళ్ళందరికీ చెప్పాను, చాక్లెట్లలో ఏమీ లేదు, కక్కించింది మీ ఉప్పు, మండించింది మీ మిరపకాయలు అని. సిస్టరమ్మ కొట్టాయన తరఫు మనిషి అన్నారు. నోరు పెద్దదైనంత మాత్రాన జనం వింటారనుకోకండి అమ్మాయిలూ.

ఇక్కడ మీకో మాట చెబుతాను. నా సర్వీసులో ముక్కూ మొహం తెలియని మనిషి మిఠాయిలో విషం పెట్టి ఇచ్చిన బిడ్డ ఒక్కరూ నా వార్డుకు రాలేదు. వచ్చినవాళ్ళు వేరు. కూల్‌డ్రింకు సీసాలో పోసి అటక కింద పెట్టిన పురుగుమందు తాగినవాళ్ళు, సలసల కాగే గంజి మీద పడ్డవాళ్ళు, బైకు ట్యాంకు మీద కూర్చుని దొర్లిపోయినవాళ్ళు. వాళ్ళను ఎత్తుకొచ్చింది ప్రాణంగా చూసుకునే చేతులే. భయపెట్టడానికి దెయ్యం ఎక్కడి నుంచో రావాలి అనుకుంటాం. ఇంట్లో ఉన్నదాని మీద మనకు చూపు ఆనదు.

కొన్నాళ్ళకు ఆ మేనమామ మోచేతికి చీము పట్టి ఆసుపత్రికి వచ్చాడు. కట్టు కడుతూ, ఇది ఎలా తగిలిందయ్యా అని మెల్లగా అడిగాను. అతను మొహం తిప్పుకున్నాడు. నేను మళ్ళీ అడగలేదు. వార్డులో చూసినదాన్ని వీధిలో చెప్పకూడదు, అది మా వృత్తికి కట్టుబాటు. అతను మాత్రం ఎంతకాలం మోస్తాడో అనిపించింది. బాగా చిక్కిపోయాడు.

పిల్ల కోలుకుని ఇంటికి వచ్చాక ఆ తల్లి వాళ్ళ పల్లెలోని చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టించి, డాక్టరునూ నన్నూ పిలిచింది. చలికాలం, తలుపుల్లోంచి ఏటవాలు ఎండ వచ్చి చాపల మీద పడుతోంది. పాటలయ్యాక సాక్ష్యాల సమయం వచ్చింది. మా చర్చిల్లో దేవుడు చేసిన మేలును ఎవరైనా లేచి అందరి ముందూ చెప్పుకోవచ్చు. తల్లి లేచి నిలబడింది. విషపు చాక్లెట్ నుంచి నా బిడ్డను ప్రభువు కాపాడాడు, ఆ పాపం చేసిన కొట్టాయన్ని కూడా ఆయన క్షమించాలి అని ఏడుస్తూ చెప్పి కూర్చుంది. జనం స్తోత్రం అన్నారు. డాక్టరు నా వంక చూశాడు. నేను చాప పుల్లలు గిల్లుతూ కూర్చున్నాను.

మగవాళ్ళ వైపు నుంచి మేనమామ లేచాడు. పాస్టరుగారు పాట ఎత్తుకోబోతే చేత్తో ఆగమన్నాడు.

"ఇషం కాదండీ. ఫోన్లో ఆ మాట ఇని, పిల్లని ముందు ట్యాంకు మీద కూకోబెట్టుకుని ఆసుపత్రికి ఎర్రిగా తోలాను. పత్తి ట్రాక్టరు దగ్గరకొచ్చిందాకా కనపళ్ళా. బ్రేకేస్తే పడ్డాం. హ్యాండిలు దాని డొక్కలో దిగింది. అది లేచి నిలబడింది గదాని గౌను దులిపి, అమ్మకి చెప్పమాక అన్నాను. ఆ కొట్టాయన ఏం చెయ్యలా. చేసింది నేను."

ఎవరూ స్తోత్రం అనలేదు. తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అతను కూర్చోలేక, నిలబడలేక, రెండు చేతులూ కట్టుకుని తలవంచుకున్నాడు. ముందు చాప మీద పిల్లల మధ్య కూర్చున్న ఆ పిల్ల అందరూ ఎవరి వైపు చూస్తున్నారో అని వెనక్కి తిరిగింది. మేనమామ కళ్ళలో నీళ్ళు చూసి దానికి భయం వేసినట్టుంది. పొట్ట మీద కుట్లు లాగకుండా చెయ్యి అదుముకుని లేచి, ఆడవాళ్ళనూ మగవాళ్ళనూ దాటుకుంటూ అతని దగ్గరికి వెళ్ళింది. అతని చొక్కా అంచు పట్టుకుని, అందరికీ వినబడేంత నిశ్శబ్దంలో, మెల్లగా చెప్పింది.

"నేను చెప్పలేదు మామయ్యా. ఆసుపత్రిలో ఎంత అడిగినా ఎవ్వరికీ చెప్పలేదు."

చెప్పి, మాట నిలబెట్టుకున్నందుకు మెచ్చుకుంటాడేమోనని అతని మొహంలోకి చూసింది.